పాత 27 అంగుళాల ఐమ్యాక్‌లో ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చుకోవడం: తెర కోసే ముందు చేయాల్సిన పనులు

మా బావగారికి తెనాలిలో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేది 2015 చివర్లో వచ్చిన 27 అంగుళాల 5కే ఐమ్యాక్ మీద. ఆ తెర ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంటుంది. పట్టుచీర ఎరుపు ఎలా ఉందో అలాగే చూపిస్తుంది. కానీ పొద్దున్నే ఆన్ చేస్తే ఫొటోషాప్ తెరుచుకునేలోపు ఆయన బయటికెళ్లి టీ తాగి వచ్చేవారు. ముహూర్తాల రోజుల్లో ఆయన పడే టెన్షన్ చూసి, దీన్ని అమ్మేసి కొత్తది కొందామని ఇంట్లో అందరూ అన్నారు. నేను మాత్రం ఒక్క ఆదివారం ఇవ్వమని అడిగాను.

ఆ ఆదివారం చేసిన పని, ఆ తర్వాత మరికొన్ని మిషన్ల మీద చేసిన పని కలిపి ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ఐమ్యాక్‌కు తెర జిగురుతో అంటించి ఉంటుంది. లోపలి డిస్క్ మార్చాలంటే ఆ జిగురు కోయాలి. చాలామంది ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) అనగానే నేరుగా అక్కడికే వెళ్తారు. నాకు తెలిసిన ఒక స్టూడియోవాళ్లు రిపేరు షాపులో ఇస్తే, తెర ఊడదీసేటప్పుడే మూల పగిలింది. ఇందులో అద్దం, ప్యానెల్ కలిసి ఒకే ముక్క కాబట్టి మొత్తం మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చుతో ఇంకో పాత మిషన్ వస్తుంది. నిజానికి వాళ్లకు తెర తీయాల్సిన అవసరమే లేదు. అందుకే ర్యామ్ (తెరిచిన పనులను తాత్కాలికంగా పట్టి ఉంచే మెమరీ) ముందు, బయటి ఎస్ఎస్‌డీ తర్వాత, తెర కోయడం అన్నిటికంటే చివర.

మీ మిషన్ ఏదో ముందు తేల్చుకోండి

యాపిల్ మెనూలో అబౌట్ దిస్ మ్యాక్ తెరిస్తే సంవత్సరం కనిపిస్తుంది. ఈ గైడ్ 2012 చివరి నుంచి 2019 వరకు వచ్చిన 27 అంగుళాల మోడళ్లకు పనికొస్తుంది. వీటన్నిటికీ వెనకవైపు ర్యామ్ కోసం చిన్న తలుపు ఉంటుంది.

21.5 అంగుళాల మోడల్ అయితే ఆ తలుపు ఉండదు. అందులో 2015 చివర్లో వచ్చినదానికి ర్యామ్ బోర్డు మీదే టంకం వేసి ఉంటుంది, మార్చడం కుదరదు. 2013, 2017, 2019 వాటికి స్లాట్లు ఉన్నాయి గానీ లోపల, బోర్డు వెనక ఉంటాయి. 2020 మోడల్‌లో ర్యామ్ తలుపు ఉన్నా, స్టోరేజ్‌కు టీ2 అనే యాపిల్ సెక్యూరిటీ చిప్‌తో ముడి ఉంది కాబట్టి డిస్క్ గురించి ఇక్కడ చెప్పేది దానికి వర్తించదు.

ర్యామ్ రకం మోడల్‌ను బట్టి మారుతుంది. 2012, 2013 మోడళ్లకు, 2014 చివరి 5కేకి డీడీఆర్3 1600. 2015 చివరిదానికి డీడీఆర్3 1867. 2017కి డీడీఆర్4 2400, 2019కి డీడీఆర్4 2666. అన్నీ ల్యాప్‌టాప్‌లో వేసే చిన్న సైజు స్టిక్కులే. 2015 మోడల్ దగ్గరే చాలామంది పొరపడతారు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అడిగినా, మన ఊరి కంప్యూటర్ షాపులో అడిగినా, డీడీఆర్3 ల్యాప్‌టాప్ ర్యామ్ అనగానే చేతికిచ్చేది 1600. మీకు కావలసింది అది కాదు. స్టిక్ మీద లేబుల్ చదవండి, 14900 అనే అంకె ఉండాలి. 12800 అని ఉంటే అది 1600.

ఎంత వేయొచ్చు అంటే, 2015 మోడల్‌కు 32 జీబీ వరకు అని యాపిల్ చెప్పింది. 16 జీబీ స్టిక్కులు నాలుగు వేస్తే 64 కూడా పనిచేస్తుంది. కానీ చాలామందికి అంత అవసరం పడదు.

నెమ్మదితనం ఎక్కడుందో చూడండి

డబ్బు పెట్టే ముందు ఈ పరీక్ష చేయండి, పది నిమిషాల పని. మీరు రోజూ వాడే ఫైళ్లు, ప్రోగ్రాములు అన్నీ తెరిచి యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ట్యాబ్ చూడండి. కింద మెమరీ ప్రెజర్ గ్రాఫ్ ఉంటుంది. ఆకుపచ్చగా ఉంటే ర్యామ్ చాలుతోంది. పసుపు, ఎరుపు వస్తుంటే చాలడం లేదు. పక్కనే స్వాప్ యూజ్డ్ అనే అంకె ఉంటుంది. ర్యామ్ నిండిపోయి డిస్క్ మీద రాసుకుంటున్న లెక్క అది. అక్కడ జీబీల్లో కనిపిస్తే ర్యామ్ ముందు వేయండి.

ఆల్బమ్ పని ర్యామ్‌ను ఎందుకు మింగేస్తుందో ఒక లెక్క చూడండి. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అంటే 3,600 × 10,800 పిక్సెళ్లు, దాదాపు 3 కోట్ల 89 లక్షలు. ఒక్కో పిక్సెల్‌కు 3 బైట్లు. షీటంతా పరుచుకున్న లేయర్ ఒక్కటే 110 ఎంబీ దాటిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్, నాలుగు ఫొటోలు, పూల డిజైన్, అక్షరాలు, వీటికి తోడు వెనక్కి వెళ్లడానికి ఫొటోషాప్ దాచుకునే హిస్టరీ. అలాంటి షీట్లు మూడు తెరిచి పెట్టుకుంటే 8 జీబీ ఏ మూలకు సరిపోతుంది?

గ్రాఫ్ ఆకుపచ్చగానే ఉండి, ఆన్ కావడం, ప్రోగ్రాములు తెరుచుకోవడం మాత్రమే ఆలస్యమైతే తప్పు హార్డ్‌డిస్క్‌ది. దీనికి ఒక కారణం ఉంది. మొహావీ అనే వెర్షన్ నుంచి మ్యాక్ ఓఎస్, తిరిగే హార్డ్‌డిస్క్‌లను కూడా ఏపీఎఫ్ఎస్ అనే ఫైళ్లు దాచే పద్ధతిలోకి మార్చేస్తుంది. అది ఎస్ఎస్‌డీని దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన పద్ధతి. తిరిగే డిస్క్‌లో ముల్లు అటూ ఇటూ పరుగులు పెట్టాల్సి వస్తుంది. "అప్‌డేట్ చేసిన దగ్గర్నుంచి స్లో అయింది" అని చాలామంది అంటారు, అది భ్రమ కాదు.

ఫ్యూజన్ డ్రైవ్ (హార్డ్‌డిస్క్, ఫ్లాష్ కలిసి ఒకే డిస్క్‌లా పనిచేసేది) ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. 2015 మోడల్‌లో 1 టీబీ ఫ్యూజన్ అంటే 1 టీబీ హార్డ్‌డిస్క్‌తో పాటు 24 జీబీ ఫ్లాష్ మాత్రమే. 2 టీబీ, 3 టీబీ వాటికి 128 జీబీ ఇచ్చారు. 24 జీబీ ఉన్నది పని పెరిగితే మామూలు హార్డ్‌డిస్క్‌లాగే అయిపోతుంది.

బ్యాకప్

మ్యాక్‌లోనే ఉండే టైమ్ మెషీన్ అనే బ్యాకప్ ప్రోగ్రాముతో ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదకు పూర్తి బ్యాకప్ తీసుకోండి. తీసుకున్నాక అందులోంచి ఒక పెద్ద ఫైలు బయటికి తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. పెళ్లి ఫొటోలకు రెండో కాపీ వేరే డిస్క్ మీద పెట్టండి. ఆ తాళి కట్టే క్షణం మళ్లీ తీయలేం కదా.

ర్యామ్ వేయడం

షట్‌డౌన్ చేసి, పవర్ కేబుల్, మిగతా వైర్లు అన్నీ తీసేయండి. ఇప్పటిదాకా వాడి ఉంటే లోపల వేడిగా ఉంటుంది, పావుగంట ఆగండి. మంచం మీద కాకుండా గట్టి బల్ల మీద మెత్తటి దుప్పటి మడతపెట్టి పరిచి, తెర కిందికి వచ్చేలా బోర్లా పడుకోబెట్టండి. ఇద్దరుంటే మంచిది. ఒకరు స్టాండ్ పట్టుకోవాలి.

ర్యామ్ తలుపు తెరిచే బటన్ చాలామందికి దొరకదు. పవర్ కేబుల్ పెట్టే గుంటలోకి చూడండి. సాకెట్‌కు కాస్త పైన చిన్న బటన్ ఉంటుంది. కేబుల్ తీస్తేనే కనిపిస్తుంది. దాన్ని లోపలికి గట్టిగా నొక్కితే తలుపు కొద్దిగా పైకి లేస్తుంది. తలుపు లోపలివైపు బొమ్మలతో సూచనలు ముద్రించి ఉంటాయి, వాటిని ఒకసారి చూడండి.

లోపల నాలుగు స్లాట్లు ఒక చట్రంలో ఉంటాయి, రెండు వైపులా రెండు లీవర్లు. ఆ లీవర్లను బయటికి తోసి మీవైపు లాగితే చట్రం మొత్తం వాలుగా పైకి వస్తుంది. ముట్టుకునే ముందు చేతిని ఏదైనా ఇనుప వస్తువుకు ఆనించండి, ఒంట్లో స్టాటిక్ పోతుంది. ఆ రోజు పాలిస్టర్ చొక్కా వద్దు, నూలుది వేసుకోండి.

మామూలుగా కంపెనీ 4 జీబీవి రెండు వేసి పంపింది, రెండు స్లాట్లు ఖాళీగా ఉంటాయి. ఖాళీ వాటిలో 8 జీబీవి రెండు వేస్తే మొత్తం 24 జీబీ. మా బావగారి మిషన్‌కు అదే చేశాను, ఇప్పటిదాకా ఇంకా కావాలని అడగలేదు. స్టిక్ కింద ఒక గాటు ఉంటుంది. ఆ గాటు స్లాట్‌లోని మెట్టుతో కలవాలి. పాత స్టిక్కులు ఎటు తిరిగి ఉన్నాయో అటే పెట్టి, రెండు బొటనవేళ్లతో సమానంగా నొక్కండి. సన్నగా టక్కుమని తెలుస్తుంది. మొదటిసారి నేను విరుగుతుందేమోనని మెల్లగా నొక్కాను. ఆన్ చేస్తే మూడు బీప్‌లు, కాస్త ఆగి మళ్లీ మూడు. తీసి, గట్టిగా నొక్కి పెట్టాక సరిపోయింది. గుర్తుంచుకోండి, మూడేసి బీప్‌లు అంటే ర్యామ్ పరీక్షలో తప్పిందని. అయిదు సెకన్లకొక బీప్ వస్తుంటే ర్యామ్ అసలు కనిపించడం లేదని.

లీవర్లను వెనక్కి తోసి చట్రం లోపలికి వెళ్లాక తలుపు మూయండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు అర నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు తెర నల్లగానే ఉంటుంది. కొత్త ర్యామ్‌ను సరిచూసుకుంటోంది. కంగారుపడి పవర్ తీయకండి. తర్వాత అబౌట్ దిస్ మ్యాక్‌లో మెమరీ చూస్తే నాలుగు స్లాట్లూ కనిపించాలి. అనుమానం ఉంటే ఆన్ చేసేటప్పుడు డీ కీ నొక్కి పట్టుకోండి, యాపిల్ డయాగ్నస్టిక్స్ వస్తుంది.

తెర ముట్టుకోకుండా ఎస్ఎస్‌డీ

2015 మోడల్‌కు వెనక నాలుగు యూఎస్‌బీ 3 పోర్టులు ఉన్నాయి. ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ ఒకటి పెట్టి, దాని మీదే మ్యాక్ ఓఎస్ వేసి, దాని నుంచే మిషన్ నడపవచ్చు. వేగం సెకనుకు సుమారు 400 ఎంబీ వస్తుంది. అదే ఎస్ఎస్‌డీని తెర కోసి లోపల సాటా కేబుల్‌కు (డిస్క్‌ను బోర్డుకు కలిపేది) పెడితే 500 పైచిలుకు. ఈ తేడా చేతికి తెలియదు. పాత హార్డ్‌డిస్క్ పెద్ద ఫైళ్లకు 150, 200 ఎంబీ ఇచ్చినా, చిన్న చిన్న ఫైళ్ల దగ్గర చతికిలబడుతుంది. ఎస్ఎస్‌డీ గెలిచేది అక్కడే, అది బయట ఉన్నా లోపల ఉన్నా ఒకటే. ఇంత సులువైన దారి ఉండగా అద్దం మీదకు కత్తి ఎందుకు తీసుకెళ్లాలి?

రెడీమేడ్ పోర్టబుల్ ఎస్ఎస్‌డీ అయినా సరే, 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ కొని కేసింగ్‌లో పెట్టుకున్నా సరే. కేసింగ్ కొంటే యూఏఎస్‌పీ (యూఎస్‌బీ మీద డేటాను వేగంగా పంపే పద్ధతి) ఉన్నది అడగండి. హబ్‌కు కాకుండా నేరుగా మిషన్ పోర్టుకే పెట్టండి. కేబుల్ పొట్టిది వాడండి.

డిస్క్ యుటిలిటీ తెరిచి, వ్యూ మెనూలో షో ఆల్ డివైసెస్ ఎంచుకోండి. ఇది చేయకపోతే పైన ఉన్న అసలు డిస్క్ కనిపించదు. కొత్త ఎస్ఎస్‌డీ పేరులో అన్నిటికంటే పై వరసను ఎంచుకుని ఎరేజ్ నొక్కండి. ఫార్మాట్ ఏపీఎఫ్ఎస్, స్కీమ్ జీయూఐడీ పార్టిషన్ మ్యాప్. ఏ డిస్క్ ఎంచుకున్నారో రెండుసార్లు చదివాకే ఎరేజ్ కొట్టండి.

తర్వాత ఆన్ చేసేటప్పుడు కమాండ్, ఆర్ కీలు కలిపి పట్టుకుంటే రికవరీ వస్తుంది. ఆప్షన్ కూడా కలిపి పట్టుకుంటే, మీ మిషన్‌కు సరిపోయే చివరి మ్యాక్ ఓఎస్ నెట్ నుంచి దిగుతుంది. 2015 మోడల్‌కు అది మాంటెరీ. కొత్త ఎస్ఎస్‌డీ మీద ఇన్‌స్టాల్ చేయండి. చివర్లో మైగ్రేషన్ అసిస్టెంట్ అడుగుతుంది, అప్పుడు టైమ్ మెషీన్ బ్యాకప్ చూపిస్తే మీ ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు అన్నీ వచ్చేస్తాయి. డేటా ఎక్కువ ఉంటే రాత్రి పెట్టి పడుకోవడమే. మధ్యలో కరెంటు పోతే మొదటికొస్తుంది కాబట్టి యూపీఎస్ మీద పెట్టండి.

అయ్యాక సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో స్టార్టప్ డిస్క్‌గా దీన్ని ఎంచుకోండి. ఎస్ఎస్‌డీని స్టాండ్ వెనక వెల్క్రో టేపుతో అంటించండి. తుడిచేటప్పుడు ఎవరి చెయ్యి తగిలి కేబుల్ ఊడినా మిషన్ అక్కడికక్కడే ఆగిపోతుంది, చేస్తున్న పని పోతుంది. మా స్టూడియోలో ఊడ్చే అమ్మాయికి కూడా చూపించి చెప్పాం.

పాత హార్డ్‌డిస్క్ లోపలే ఉంటుంది, అయిపోయిన ఆల్బమ్‌లు దాచడానికి వాడుకోవచ్చు. బావగారి మిషన్‌కు పని ఇక్కడితో పూర్తయింది. తెర ముట్టుకోలేదు.

ఇందులో ఒక లోటు ఉంది. యూఎస్‌బీ మీద పెట్టిన ఎస్ఎస్‌డీకి మ్యాక్ ఓఎస్ మామూలుగా ట్రిమ్ ఇవ్వదు, అంటే ఏ ఫైళ్లు చెరిపారో దానికి చెప్పదు. అందుకే డిస్క్‌ను నిండా నింపకండి. అయిదో వంతు ఖాళీగా ఉంచితే ఇబ్బంది రాదు.

తెర తీయక తప్పనప్పుడు

లోపలి హార్డ్‌డిస్క్ చనిపోతూ టిక్ టిక్ మంటున్నా, డిస్క్ యుటిలిటీలో స్మార్ట్ స్టేటస్ (డిస్క్ ఆరోగ్యం) ఫెయిలింగ్ అని వచ్చినా తీయాల్సిందే. ఇది మొదటిసారి చేసేవాళ్లు తొందరగా ముగించాలనుకుంటే అసలు మొదలుపెట్టకండి. నాలుగు గంటలు ఖాళీ చేసుకోండి.

కావలసినవి: జిగురు కోసే ప్లాస్టిక్ చక్రం, రెండు పాత ప్లాస్టిక్ కార్డులు, టీ10, టీ8 టార్క్స్ స్క్రూడ్రైవర్లు, మీ మోడల్‌కు సరిపోయే కొత్త జిగురు పట్టీల సెట్టు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మాస్కింగ్ టేపు. 27 అంగుళాల దానిలో డిస్క్ 3.5 అంగుళాలది, కాబట్టి ఎస్ఎస్‌డీని కూర్చోబెట్టే అడాప్టర్ కూడా కావాలి. అడాప్టర్‌లో కనెక్టర్ పాత డిస్క్‌కు ఉన్న చోటే రావాలి, లోపలి కేబుల్ పొట్టిగా ఉంటుంది.

కేబుల్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, కాసేపు వదిలేయండి. లోపల పవర్ సప్లై బోర్డు తెరిచే ఉంటుంది. దాని కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉండొచ్చు. పని ఎంతసేపు చేసినా ఆ బోర్డును చేత్తో తాకకండి.

స్టాండ్ కీలు మీద మిషన్ ఊగుతుంది. అట్టముక్క మడిచి స్టాండ్‌కు, వీపుకు మధ్య దోపితే కదలదు. ఇప్పుడు ముందువైపు నుంచి చూస్తే ఎడమపక్కన, పవర్ బటన్ ఉన్న ఎత్తులో, అద్దానికి అల్యూమినియానికి మధ్య సందులో చక్రం పెట్టండి. ముందుకూ వెనక్కూ దొర్లిస్తూ పైకి, పై అంచు మీదుగా కుడివైపు కిందికి రండి. చక్రం ఇరుసు తగిలి ఎక్కువ లోతుకు పోదు, అది మంచిదే. లోపల యాంటెన్నా వైర్లు ఉన్నాయి. కింది అంచు కోయకండి. ఒక్కసారి తిప్పితే జిగురు వదలదు, రెండు మూడు సార్లు తిప్పాలి. తర్వాత పై మూలల దగ్గర కార్డు దూర్చి మెల్లగా తిప్పండి. పైన మధ్యలో కెమెరా ఉంది, అక్కడ కార్డు లోతుగా పోనివ్వద్దు.

పై అంచు వదిలాక బెత్తెడు మాత్రమే ముందుకు వంచండి, అంతకు మించి వద్దు. తెర వెనక నుంచి బోర్డుకు రెండు కేబుళ్లు ఉంటాయి. ఒకటి పవర్, ఒకటి డేటా. డేటా కేబుల్‌కు చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. ముందు దాన్ని పైకి ఎత్తి, అప్పుడు కేబుల్‌ను తిన్నగా బయటికి లాగండి. ఇక్కడ రెండో మనిషి తెర పట్టుకోవాలి. రెండూ ఊడాకే తెరను ఇంకా వంచి, కింది జిగురు విడదీసి, మెత్తటి బట్ట మీద పెట్టండి.

హార్డ్‌డిస్క్‌కు ఇరుపక్కలా బ్రాకెట్లు, వాటికి టీ10 స్క్రూలు. అవి విప్పి, కేబుల్ తీసి, డిస్క్‌ను బయటికి తీయండి. డిస్క్ పక్కలకు బిగించి ఉన్న చిన్న స్క్రూలను అడాప్టర్‌కు మార్చడం మరిచిపోకండి. వాటి ఆసరాతోనే అది బ్రాకెట్లో నిలుస్తుంది. తెరిచాం కదా అని ఫ్యాన్‌లో దుమ్ము కూడా బ్రష్‌తో తీసేయండి. మన ఊళ్లలో పదేళ్ల దుమ్మంటే చిన్నది కాదు.

అంటించే ముందు పరీక్షించి తీరాలి. తెరను కింది అంచు మీద నిలబెట్టి, పైన మాస్కింగ్ టేపు ముక్కలతో నిలిపి, రెండు కేబుళ్లూ పెట్టి ఆన్ చేయండి. కొత్త ఎస్ఎస్‌డీ కనిపించిందా, తెర వెలిగిందా, కెమెరా పనిచేస్తోందా చూడండి. ఫ్యాన్ అదేపనిగా హోరెత్తితే మ్యాక్స్ ఫ్యాన్ కంట్రోల్ అనే ప్రోగ్రాముతో అదుపులో పెట్టవచ్చు. అన్నీ బాగుంటే మళ్లీ పవర్ తీసి, పాత జిగురంతా ఒలిచి, ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త పట్టీలు వేసి అంటించండి. మాస్కింగ్ టేపును ఒక రాత్రి అలాగే ఉంచండి.

లోపల పెట్టిన ఎస్ఎస్‌డీకి ట్రిమ్ ఇవ్వవచ్చు. టెర్మినల్‌లో సుడో ట్రిమ్‌ఫోర్స్ ఎనేబుల్ (sudo trimforce enable) అనే ఆదేశం ఇచ్చి, అడిగినదానికి వై కొడితే మిషన్ రీస్టార్ట్ అవుతుంది.

మాంటెరీకి ఇప్పుడు సెక్యూరిటీ అప్‌డేట్లు రావడం లేదు. ఈ మిషన్ మీద ఆల్బమ్‌లు చేసుకోండి, బ్యాంకు పనులు మాత్రం ఫోన్లోనో వేరే కంప్యూటర్లోనో పెట్టుకోండి.

తీసిన పాత హార్డ్‌డిస్క్‌ను నెల రోజులు చెరపకుండా దాచండి, ఏదైనా ఫైలు రాలేదని అప్పుడు గుర్తొస్తుంది. కానీ ఫ్యూజన్ డ్రైవ్ ఉన్నవాళ్లు ఆ ధీమా పెట్టుకోవద్దు. అందులో డేటా హార్డ్‌డిస్క్ మీద కొంత, ఫ్లాష్ మీద కొంత ఉంటుంది. రెండూ విడిపోయాక ఒక్క హార్డ్‌డిస్క్ నుంచి ఏమీ చదవలేం. మీకు మిగిలేది ముందు తీసుకున్న బ్యాకప్ ఒక్కటే.